లోగోస్ హోప్: పుస్తకాల ఓడ, దాన్ని నడిపే యువత

ఓడలో పుస్తకాల దుకాణం అనగానే పిల్లలకు సరదాగానూ పెద్దలకు కుతూహలంగానూ ఉండడం సహజమే. కానీ లోగోస్ హోప్‌ను దుకాణంగా మాత్రమే చూసి తిరిగి వచ్చినవారు అందులోని అసలు విషయాన్ని చూడలేదనే నా అభిప్రాయం. ఈ ఓడలో పుస్తకాలకు బిల్లు వేసేవారికి గానీ, మెట్లు తుడిచేవారికి గానీ, ఇంజను గదిలో చెమటోడ్చేవారికి గానీ, చివరికి కెప్టెనుకు గానీ జీతం లేదు. అరవైకి పైగా దేశాల నుంచి వచ్చిన క్రైస్తవులు, వారిలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న యువతీయువకులు, సాధారణంగా రెండేళ్లపాటు, తమ ఖర్చులు తామే సమకూర్చుకుని ఇందులో పనిచేస్తారు. 2023 చివర్లో ఈ ఓడ సింగపూర్‌కు వచ్చినప్పుడు మేము కుటుంబంతో వెళ్లి చూశాము. పుస్తకాల సంగతి ముందు చెప్పి, మనుషుల సంగతి తరువాత కొంత వివరంగా రాస్తాను. మన క్రైస్తవ సంఘాల్లో సేవకు సమర్పించుకుంటామంటున్న పిల్లలకూ, ఆ మాట విని కలవరపడే తల్లిదండ్రులకూ పనికివచ్చేది ఆ రెండో భాగమే.

ఓడలోకి ఎక్కడానికి పెద్దలకు నామమాత్రపు టికెట్టు ఉంటుంది. పెద్దల వెంట వచ్చే చిన్నపిల్లలకు ఉచితం. గ్యాంగ్‌వే, అంటే రేవు నుంచి ఓడలోకి వేసిన మెట్ల దారి, ఎక్కి లోపలికి అడుగుపెట్టగానే ఓడ చరిత్రను చెప్పే బొమ్మలు, ఒక చిన్న వీడియో ఉంటాయి. వాటిని దాటితే పుస్తకాల హాలు వస్తుంది. సుమారు 5,000 రకాల పుస్తకాలు ఉంటాయని ఓడను నడిపే సంస్థ చెబుతుంది. పిల్లల బొమ్మల పుస్తకాలు, అట్లాసులు, నిఘంటువులు, వంటలు, చేతిపనులు, విజ్ఞానశాస్త్రం, కుటుంబ జీవితం, వీటితోపాటు బైబిళ్లు, భక్తి పుస్తకాలు పెద్ద సంఖ్యలో కనిపిస్తాయి. పుస్తకాల మీద ఏ దేశపు కరెన్సీ ధరా ఉండదు; యూనిట్లు అని ఒక అంకె మాత్రమే ఉంటుంది. ఎన్ని యూనిట్లకు ఎన్ని డాలర్లో చెప్పే పట్టికలు గోడలకు వేలాడుతుంటాయి. ఓడ కొన్ని వారాలకొకసారి రేవు మారుతుంది కాబట్టి, వెళ్లిన ప్రతి దేశంలోనూ వేల పుస్తకాలకు కొత్త ధర చీటీలు అతికించే శ్రమ ఈ పద్ధతివల్ల తప్పుతుంది. మా పిల్లలు ఒక పుస్తకం తీసుకోవడం, పట్టిక దగ్గరకు పరుగెత్తడం, లెక్క చూసి తిరిగి వచ్చి బేరం పెట్టడం అనే పనిలో చాలాసేపు మునిగిపోయారు.

పిల్లల పుస్తకాల విభాగమే ఇక్కడ అన్నిటికంటే బలమైనది. ధరలు అందుబాటులో ఉన్నాయి, ఎంపిక బాగుంది. భక్తి పుస్తకాల విభాగం కూడా ఆ రంగంలో చదువుకునేవారికి సంతృప్తినిస్తుంది. నవలలు, చరిత్ర, కవిత్వం కోసం వెదికేవారు మాత్రం ఎక్కువ ఆశతో వెళ్లకూడదు. అత్యధికం ఇంగ్లిషు పుస్తకాలే కాబట్టి తెలుగు పుస్తకాల కోసం వెళ్లేవారికి ఇది చోటు కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. అడుగడుగునా గ్రంథాలయం ఉన్న సింగపూర్‌లో ఈ దుకాణం ఒక అదనపు సౌకర్యం మాత్రమే. కానీ ఇదే ఓడ పుస్తకాల అంగళ్లు అరుదుగా ఉండే పసిఫిక్ దీవుల్లోనూ, కరీబియన్‌లోనూ, ఆఫ్రికా తీరపు రేవుల్లోనూ నిలిచినప్పుడు, ఎండలో గంటల తరబడి వరుసలో నిలబడి ఎక్కే జనం ఉంటారు. అక్కడి తల్లికి తన బిడ్డ కోసం సొంత పుస్తకం కొనే తొలి అవకాశం ఇదే కావచ్చు. దుకాణం విలువను సింగపూర్ కొలమానంతో మాత్రమే కొలిస్తే అన్యాయమవుతుంది.

ఓడ కూడా చూడదగ్గదే. 1973లో జర్మనీలో కట్టిన ఈ ఓడ మొదట గుస్తావ్ వాసా పేరుతో స్వీడన్, జర్మనీల మధ్య మనుషులనూ వాహనాలనూ చేరవేసింది. తరువాత నోర్రోనా అన్న పేరుతో ఫారో దీవుల ప్రజలకు సేవలందించింది. 2004లో గుటె బ్యూషర్ ఫ్యూర్ ఆలె, అంటే అందరికీ మంచి పుస్తకాలు అనే అర్థమున్న జర్మన్ సంస్థ దీన్ని కొని, సంవత్సరాల తరబడి మరమ్మతులు చేయించి, 2009లో ఇప్పటి పేరుతో సముద్రంలోకి పంపింది. ఒకప్పుడు కార్లు, లారీలు నిలిపిన అంతస్తే ఇప్పుడు పుస్తకాల హాలు అయింది. 132 మీటర్ల పొడవున్న ఈ పాత ఓడను నడపడానికి ఎప్పుడూ ఏదో ఒకచోట తుప్పు గీకుతూ, రంగు వేస్తూ, పంపులు విప్పి బిగిస్తూనే ఉండాలి. ఆ పనంతా ఆ యువత చేతుల మీదే జరుగుతుంది.

హాలులో మాకు ఎక్కువసేపు సాయం చేసిన అమ్మాయి మిజోరం నుంచి వచ్చింది. రెండేళ్లు ఇక్కడ ఉండడానికి డబ్బు ఎలా సమకూరిందని అడిగితే, తమ ఊరి సంఘం పంపుతోందని చెప్పి, ఆ సంఘానికి డబ్బు బియ్యం నుంచి వస్తుందని నవ్వింది. మిజో సంఘాల్లో ఇంటి ఇల్లాలు అన్నం వండే ప్రతిపూటా ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది. సంఘం ఆ బియ్యాన్ని పోగుచేసి అమ్మి మిషనరీలను పోషిస్తుంది. 1910 ప్రాంతం నుంచీ అక్కడ నడుస్తున్న ఆచారమిది. మన తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం కానుక ఎరుగనివారు తక్కువ, అయితే అది చాలాచోట్ల పాస్టర్ గారి కుటుంబానికో పండుగ ఖర్చుకో సరిపోయి అక్కడితో ఆగిపోతుంది. ఒక కొండ ఊరి వంటింట్లో తీసిన బియ్యం ఒక ఆడపిల్లను సముద్రం దాటించి, ఎవరో తెలియని పిల్లలకు పుస్తకాలు అందించే చోట నిలబెట్టిందన్న సంగతి నాకు ఎంతో గౌరవం కలిగించింది. ఆ అమ్మాయి చొక్కాకు గుచ్చుకున్న పేరు పలక మీద పేరుతోపాటు దేశం పేరు కూడా ఉంది. వేళ్ల కొసల్లో కాగితం కోసిన గీతలు ఉన్నాయి. ఆ రోజు ఉదయమంతా కింది గోదాములో పెట్టెలు విప్పానని చెప్పింది.

కెఫేలో పాప్‌కార్న్, ఐస్‌క్రీమ్ తీసుకుని కూర్చున్నప్పుడు మా మాటలు విని ఒక అబ్బాయి దగ్గరకు వచ్చి “వందనాలు అంకుల్, మీరు తెలుగువాళ్లా?” అని పలకరించాడు. భీమవరం దగ్గరి పల్లెటూరు. డిప్లొమా చదివి, ఇంజను గదిలో పనిచేస్తున్నాడు. అతని గోళ్ల అంచుల్లో ఎంత తోమినా పోని నలుపు ఉంది. “మా ఊళ్లో అందరూ నేను దేశాలు తిరిగి ప్రసంగాలు చేస్తున్నాననుకుంటున్నారు అంకుల్. నేను చేసేది ఫిల్టర్లు కడగడం, నూనె తుడవడం, రాత్రి డ్యూటీలో మీటర్లు చూసి రాయడం” అన్నాడు. అలా చెప్పడంలో అసంతృప్తి లేదు, బడాయి కూడా లేదు. వారంలో ఒకరోజు మాత్రం అతన్ని ఇంజను గది నుంచి బయటకు పంపుతారట. అలాంటి రోజుల్లో బృందాలుగా ఓడ దిగి, బడికి రంగులు వేయడం, వృద్ధాశ్రమానికి వెళ్లడం, జైల్లో ఉన్నవారిని చూడడం, మంచినీళ్లు దొరకని ఊళ్లలో నీటి ఫిల్టర్లు బిగించి వాడే పద్ధతి నేర్పడం, గ్రంథాలయాలకు పుస్తకాలు చేర్చడం వంటి పనులు చేస్తారు. ఏ రేవులో ఏ పని అన్నది అక్కడి సంఘాలు, సంస్థలు అడిగిన దాన్నిబట్టి ఉంటుంది.

విదేశీ సేవ అంటే మన ఊహలో ఉండేది వేరు. యూత్ మీటింగుల్లో, ఉజ్జీవ కూటాల్లో పిలుపు గురించి ప్రసంగం విన్న పిల్లవాడు చెయ్యెత్తి సమర్పించుకునేటప్పుడు అతని కళ్ల ముందు జనసమూహం, వేదిక, మైకు ఉంటాయి. ఇక్కడికి వచ్చాక దొరికేది అంట్లు తోమే తొట్టి, ఉతకవలసిన దుప్పట్ల గుట్ట, నలుగురు పంచుకునే చిన్న గది. కొత్తగా చేరిన ప్రతివారూ ముందు మంటలార్పడం, ప్రాణరక్షక పడవ దించడం, నీళ్లలో ప్రాణం నిలుపుకోవడం నేర్చుకోవాలి. ఆ తరువాతే తమకు కేటాయించిన విభాగానికి వెళతారు. ఆ విభాగం వంటశాల కావచ్చు, డెక్కు కావచ్చు. ఇంజనీరింగు చదివిన అబ్బాయి ఓడలో గిన్నెలు కడుగుతాడా అని బాధపడే తండ్రి ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ ఓడలో వందలమంది మూడుపూటలా తినాలి, ఎవరో ఒకరు వండాలి, ఎవరో ఒకరు కడగాలి. ఆ పనిని తక్కువగా చూసేవాడు సేవకు ఇంకా సిద్ధపడలేదనే చెప్పాలి. ఈ సంస్థ యువతకు ఇచ్చే శిక్షణలో అన్నిటికంటే విలువైనది ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఈ పని పుట్టింది కూడా యువకుల చేతుల్లోనే. 1957లో జార్జ్ వర్వర్ అనే పంతొమ్మిదేళ్ల అమెరికన్ కాలేజీ విద్యార్థి, ఇద్దరు స్నేహితులతో కలిసి కొన్ని సొంత వస్తువులు అమ్మి, పాత ట్రక్కులో స్పానిష్ సువార్త పుస్తకాలు వేసుకుని మెక్సికో వెళ్లాడు. అక్కడి నుంచే, ఈ ఓడల పని వెనుక ఉన్న ఆపరేషన్ మొబిలైజేషన్ అనే క్రైస్తవ సంస్థ పెరిగింది. 1960లలో ఆ సంస్థ యువకులు ఐరోపా నుంచి పాత లారీల్లో రోడ్డు మార్గాన భారతదేశం దాకా వచ్చారు. హైదరాబాదు జీడిమెట్లలోని లోగోస్ భవన్ పేరు మన సంఘాలవారికి పరిచయమైంది కూడా ఆ సంస్థ పని వల్లే. లారీల కష్టాలు చూశాక ఓడ కావాలన్న ఆలోచన వచ్చింది. 1970లో డెన్మార్కు ఓడ ఒకటి కొని లోగోస్ అని పేరు పెట్టారు. అప్పుడు సూయజ్ కాలువ యుద్ధంవల్ల మూతపడి ఉండడంతో, 1971లో ఆ ఓడ ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి కొచ్చి చేరింది. అంటే ఈ ఓడల కథలో మన దేశం మొదటినుంచీ ఉంది.

ఆ కథలో అన్నీ సుఖాంతాలే కావు. 1980లో దక్షిణ చైనా సముద్రంలో చిన్న పడవల్లో కొట్టుకుపోతున్న 90 మందికి పైగా వియత్నాం శరణార్థులను లోగోస్ ఓడ ఎక్కించుకుంది. పుస్తకాల కోసం కట్టుకున్న చోటును వారి కోసం ఖాళీ చేయవలసి వచ్చింది. 1988 జనవరిలో అదే ఓడ దక్షిణ అమెరికా కొసన బీగల్ జలసంధిలో రాళ్లకు తగిలి శాశ్వతంగా నిలిచిపోయింది. అందులోని వారందరూ, పసిపిల్లలతో సహా, ప్రాణాలతో బయటపడ్డారు. రెండో ఓడ డౌలోస్ 1914లో అమెరికాలో కట్టినది, 1977లో దాన్ని ఈ పని కోసం కొన్నారు. 1991 ఆగస్టు 10న ఫిలిప్పీన్స్‌లోని జాంబోవాంగాలో ఆ ఓడ యువత కార్యక్రమం జరుపుతుండగా వేదిక మీదకు గ్రెనేడ్లు విసిరారు. ఓడలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఇద్దరు యువతులు, ఒకరు న్యూజీలాండ్ వారు, మరొకరు స్వీడన్ వారు, ప్రాణాలు కోల్పోయారు. ఇంకా ఎంతోమంది గాయపడ్డారు. ఇలాంటివి తెలియకుండా ఎవరూ తమ పిల్లలను పంపకూడదు. తెలిసి పంపిన తల్లిదండ్రుల ధైర్యాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. డౌలోస్ 2009 చివర సేవ నుంచి విరమించింది. సింగపూర్ వ్యాపారి ఒకరు దాన్ని కొని ఇండొనేషియా బింటాన్ దీవిలో గట్టు మీదకు చేర్చి హోటలుగా మార్చారు. సింగపూర్ నుంచి ఫెర్రీలో తేలికగా వెళ్లి రావచ్చు. లోగోస్ హోప్ చూసి ముచ్చటపడినవారు దాన్నీ చూస్తే పాతకాలపు గదుల ఇరుకు ఎంతో అర్థమవుతుంది.

ఇక లోపాలు. నాకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచినది డబ్బు పద్ధతి. ప్రతి స్వచ్ఛంద కార్యకర్తా తన నెలవారీ ఖర్చును స్వదేశంలోని సంఘం, బంధువులు, మిత్రుల కానుకలతో నింపుకోవాలి. బలమైన సంఘం ఉన్న పిల్లవాడు వెళ్లగలడు. కూలి పనులకు వెళ్లే కుటుంబాలతో నిండిన పల్లె సంఘంలోని పిల్లవాడికి, అతని భక్తి ఎంత గొప్పదైనా, దారి ఇరుకవుతుంది. పేద దేశాలవారి విషయంలో అంచనాలను తగ్గించి చూస్తారన్నది నిజమే, అయినా సమస్య పూర్తిగా తీరేది కాదు. మిజోరం లాంటి చోట సంఘం మొత్తం భారం మోస్తుంది కాబట్టి అది సాధ్యమైంది. మన దగ్గర పెద్ద మందిరాలు కట్టే సంఘాలు ఈ వైపు కొంత దృష్టి పెడితే, పల్లె పిల్లలకు ఆ ఇరుకు దారి తెరుచుకుంటుంది.

రెండోది, ఓడ ఏ రేవులోనూ ఎక్కువకాలం నిలవదు. నీటి ఫిల్టరు బిగించి వెళ్లాక ఆరు నెలలకు అది పాడైతే ఎవరు చూస్తారు? రంగు వేసిన బడికి ఉపాధ్యాయుడు లేకపోతే ఎవరు అడుగుతారు? స్థానిక సంఘాలు, సంస్థలు ఆ పనిని అందిపుచ్చుకున్నచోట మేలు నిలుస్తుంది, లేనిచోట ఫోటోలే మిగులుతాయి. ఇది ఈ ఓడ ఒక్కదానికే చెందిన చిక్కు కాదు, స్వల్పకాలం విదేశాలకు వెళ్లి చేసే సేవలన్నిటికీ ఉన్నదే. అందువల్లనే రెండేళ్లు ఓడలో గడిపినవారు తరువాత ఒకే దేశంలో, ఒకే భాష నేర్చుకుని, ఏళ్ల తరబడి ఉండి పనిచేయడానికి వెళ్లినప్పుడు ఆ శిక్షణకు పూర్తి ఫలితం దక్కుతుందని నాకనిపిస్తుంది. అలా వెళ్లినవారు ఉన్నారు. ఇంటికి వచ్చి మామూలు ఉద్యోగాల్లో స్థిరపడి, సంఘంలో మిషనరీలను పోషించే బాధ్యత తీసుకున్నవారూ ఉన్నారు. రెండూ గౌరవించదగ్గవే.

మూడోది ఇతర మతాల పాఠకులకు తెలియవలసినది. ఇది బాహాటంగా క్రైస్తవ ఓడ. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను బొమ్మలతో చెప్పే చోటు ఒకటి హాలులోనే ఉంది. మాట కలిపితే వారు తమ విశ్వాసం గురించి చెబుతారు, ప్రార్థన చేయమంటారా అని అడుగుతారు. వద్దంటే బలవంతపెట్టరు. మా వెంట వచ్చిన హిందూ మిత్రుడు మర్యాదగా తలూపి పుస్తకాల వైపు వెళ్లాడు, అతన్ని ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. సాయం చేసే చేతికీ, విశ్వాసం చెప్పే నోటికీ మధ్య గీత ఎక్కడ ఉండాలన్నది క్రైస్తవులమైన మేము కూడా జాగ్రత్తగా ఆలోచించవలసిన ప్రశ్న. నీళ్లు, మందులు, పుస్తకాలు ఎవరికైనా షరతు లేకుండా అందాలి. సింగపూర్‌లో మాకు కనిపించినంతవరకు ఆ మర్యాద నిలిచింది.

వెళ్లదలచుకున్న యువతకు కొన్ని సంగతులు. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, సొంత సంఘం సిఫారసు ఉండాలి. సాధారణ నిబద్ధత రెండేళ్లు. కొన్ని నెలలపాటు మాత్రమే ఉండే స్వల్పకాలిక అవకాశాలు కూడా ఉన్నాయి, మొదట వాటితో మొదలుపెట్టి తమను తాము పరీక్షించుకోవడం మంచిది. ఓడలో పని భాష ఇంగ్లిషు. నావికా విద్య, విద్యుత్తు, వెల్డింగు, నర్సింగు, వంట వచ్చినవారికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, కాబట్టి చదువు మధ్యలో వదిలేసి పరుగెత్తడం కంటే చేతిలో ఒక పని పట్టుకుని వెళ్లడమే మేలు. భీమవరం అబ్బాయి కూడా అదే మాట చెప్పాడు. డిప్లొమా పూర్తిచేసి రమ్మని అతని పాస్టర్ గారే పట్టుబట్టారట. 2022లో డౌలోస్ హోప్ అనే మరో చిన్న ఓడ కూడా ఈ సంస్థలో చేరింది కాబట్టి అవకాశాలు కొంత పెరిగాయి.

చూడడానికి వెళ్లేవారికి నా సలహా ఇది. ఓడ మీ రేవుకు వస్తే వారాంతపు రద్దీని తప్పించి పనిరోజు మధ్యాహ్నం వెళ్లండి. పిల్లలను పుస్తకాల దగ్గర వదిలి, మీరు కెఫేలో కూర్చోండి. పేరు పలక మీద ఉన్న దేశం పేరు చూసి, అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారో, ఈ రోజు ఏం పని చేశారో అడగండి. వాళ్లకు చెప్పడానికి తీరిక ఉంటుంది, రాత్రి డ్యూటీ ఉన్నవారైతే తప్ప.